రేడియో గ్లైడర్: మోటారు ఆగాక మొదలయ్యే ప్రయాణం

రెండు మీటర్ల రెక్క, ముక్కులో గుప్పిట్లో ఇమిడిపోయే మోటారు, మడతపడే ప్రొపెల్లర్, పొట్టలో లిథియం బ్యాటరీ, నేల మీద నిలబడ్డ మనిషి చేతిలో రేడియో ట్రాన్స్‌మిటర్. విద్యుత్ గ్లైడర్ నమూనా అంటే స్థూలంగా ఇంతే. చేత్తో విసరగానే మోటారు ఇరవై సెకన్లో, అర నిమిషమో తిరిగి దాన్ని వంద మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. అక్కడ మోటారు ఆగుతుంది. ప్రొపెల్లర్ ఆకులు వెనక్కి ముడుచుకుని ముక్కుకు ఆనుకుంటాయి. అక్కణ్నుంచి నమూనాను గాలిలో నిలిపేవి రెక్క ఆకృతి, పైకి లేచే వేడిగాలి, నడిపేవాడి నేర్పు. మామూలు విమానంలో మోటారు ఆగితే అది ఆపద. గ్లైడర్‌లో అసలు ఆట అప్పుడే మొదలవుతుంది. మోటారును ఎంత తక్కువసేపు వాడితే అంత గొప్ప అన్న పట్టుదల ఈ నమూనాల రూపకల్పనలోనూ, పోటీల నియమాల్లోనూ కనిపిస్తుంది.

గ్లైడర్ నమూనా మనిషిని మోసిన విమానం కంటే పాతది. ఇంగ్లండులో జార్జ్ కేలీ 1804లోనే గాలిపటంలాంటి రెక్కను ఒక కర్రకు బిగించి, వెనక కోణం మార్చుకోగల తోక పెట్టి, చేత్తో విసిరి ఎగరేశాడు. ముందు రెక్క, మధ్య ఒడలు, వెనక తోక అన్న అమరిక ఇవాళ్టికీ అదే. 1871లో ఫ్రెంచివాడు ఆల్ఫోన్స్ పెనో పారిస్‌లోని ట్యూలరీ ఉద్యానవనంలో ‘ప్లానోఫోర్’ అనే చిన్న నమూనాను మెలితిప్పిన రబ్బరు బలంతో ఎగరేశాడు. అది 11 సెకన్లలో 40 మీటర్లు వెళ్లింది. రెక్కకూ తోకకూ మధ్య చిన్న కోణం తేడా ఉంచడం వల్ల ఎవరూ అదుపు చేయకుండానే నిలకడగా ఎగిరింది. గ్లైడర్ కట్టేవాళ్లు ఇప్పటికీ ఆ తేడాను డిగ్రీల లెక్కన కొలిచి మరీ పెడతారు.

రేడియో వచ్చాక గ్లైడర్‌ను తిప్పడం సులువైంది కాని పైకి చేర్చడం మాత్రం కష్టంగానే మిగిలింది. వంద మీటర్లు దాటిన దారాన్ని నమూనా కింది కొక్కేనికి తగిలించి ఒకరు ఎదురుగాలిలో పరుగెత్తాలి. లేదంటే ముప్పై మీటర్ల రబ్బరు గొట్టాన్ని సాగదీసి వదలాలి. కొందరు నేలకు బిగించిన వించితో దారం చుట్టేవారు. పైన లేచే గాలి దొరక్కపోతే రెండు మూడు నిమిషాల్లో నమూనా కిందికి వస్తుంది, దారం మళ్లీ మొదటికి పరచాలి. కొండవాలు మీద వీచే గాలిలో ఇవేవీ అక్కర్లేదు, కాని అలాంటి కొండ అందరి ఊళ్లోనూ ఉండదు. దారాన్నీ, దాన్ని పట్టుకుని పరుగెత్తే తోడునూ అనవసరం చేసి, ఒంటరిగా మైదానానికి వెళ్లినవాడికి గ్లైడర్‌ను అందుబాటులోకి తెచ్చింది విద్యుత్ మోటారే.

రేడియో అదుపులో విద్యుత్ నమూనా ఎగిరిన తొలి అధికారిక నమోదు 1957 జూన్ 30 నాటిది. బ్రిటన్‌లో కల్నల్ హెచ్. జె. టాప్లిన్ తన ‘రేడియో క్వీన్’ను వెండి-జింకు బ్యాటరీలతో ఎగరేశాడు. దాన్ని మించిన ప్రభావం ఫ్రెడ్ మిలిట్కీది. జర్మనీలోని గ్రౌప్నర్ నమూనాల సంస్థలో పనిచేసిన ఆయన విద్యుత్‌తో ఎగిరే చిన్న నమూనా ‘సైలెన్షియస్’ను రూపొందించాడు. 1960లో అది పెట్టెలో పెట్టి అమ్మే కిట్‌గా బజారుకొచ్చింది. మిలిట్కీ అంతటితో ఆగలేదు. ఆయన ఆలోచనతోనే ఆస్ట్రియాలో ఒక మోటారు గ్లైడర్‌కు విద్యుత్ మోటారు, నికెల్-కాడ్మియం బ్యాటరీలు అమర్చారు. ఎంబీ-ఈ1 పేరుతో 1973 అక్టోబరు 21న హైనో బ్రిడిచ్కా దాన్ని నడిపాడు. ఎగిరింది కొద్ది నిమిషాలే అయినా, మనిషిని మోసిన తొలి విద్యుత్ విమానంగా అది చరిత్రకెక్కింది. బొమ్మల కంపెనీలో మొదలైన ఆలోచన నిజం విమానం దాకా వెళ్లిన ఈ కథకు రావలసినంత పేరు రాలేదు.

ఆ మరుసటి ఏడాది, 1974 నవంబరు 4న, అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎండిపోయిన చెరువు నేల మీద ‘సన్‌రైజ్’ అనే మనిషి లేని సౌర విమానం లేచింది. పది మీటర్లకు కాస్త తక్కువ రెక్క, పన్నెండు కిలోల బరువు, బ్యాటరీ బదులు సౌర ఫలకాలు. దాని వెనక ఉన్న రాబర్ట్, రోలండ్ బౌచర్ సోదరులు నమూనా విమానాల లోకం నుంచి వచ్చినవారే. రాబర్ట్ బౌచర్ నడిపిన ఆస్ట్రోఫ్లైట్ సంస్థ విద్యుత్ మోటార్లు ఆ తరం ఔత్సాహికులకు బాగా తెలుసు.

అయినా చాలాకాలం ఈ నమూనాలు ఈసురోమంటూనే ఎగిరాయి. కారణం బ్యాటరీ. 1990ల నాటి ఏడు సెల్‌ల నికెల్-కాడ్మియం ప్యాక్‌లో 8.4 వోల్టులు, సుమారు 14 వాట్-గంటల శక్తి ఉండేవి. దాని బరువు నాలుగు వందల గ్రాములకు దగ్గర. ఇవాళ అదే 14 వాట్-గంటలు మూడు సెల్‌ల లిథియం పాలిమర్ ప్యాక్‌లో, అంటే అందరూ ‘లిపో’ అని పిలిచేదానిలో, 120 గ్రాముల లోపే దొరుకుతున్నాయి. ఒక కిలో తూగే గ్లైడర్‌కు పావు కిలోకు పైగా బరువు తగ్గడమంటే దాని స్వభావమే మారిపోవడం. బ్రష్‌లు అరిగిపోయే పాత మోటార్ల స్థానంలో నియోడిమియం అయస్కాంతాల బ్రష్‌లెస్ మోటార్లు రావడం, 2005 ప్రాంతంలో 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు మొదలవడం కూడా దాదాపు లిపోలు వచ్చిన కాలంలోనే జరిగాయి. అంతకుముందు ఒకే పౌనఃపున్యం మీద ఇద్దరు ట్రాన్స్‌మిటర్ వేస్తే ఒకరి నమూనా నేలకూలేది. అందుకే మైదానంలో ఒక బోర్డు మీద క్లిప్పులు తగిలించి వంతులు వేసుకునేవారు. కొత్త రేడియోలు ఆ భయాన్ని పోగొట్టాయి.

రెక్క లెక్క

గ్లైడర్ గుణం ప్రధానంగా రెక్కలో ఉంటుంది. కొత్తవాళ్లు ఎక్కువగా ఎంచుకునే రెండు మీటర్ల నమూనానే తీసుకుందాం. రెక్క సగటు వెడల్పు 20 సెంటీమీటర్లయితే వైశాల్యం 40 చదరపు డెసిమీటర్లు. మొత్తం బరువు 900 గ్రాములనుకుంటే ఒక్కో చదరపు డెసిమీటరు మీద పడే భారం 22.5 గ్రాములు. ఈ ఒక్క అంకె చాలా సంగతులు చెబుతుంది. ఇంత భారమున్న నమూనా గంటకు 22 కిలోమీటర్ల దాకా వేగం తగ్గినా గాలిలో నిలబడుతుంది. సెకనుకు ఏడెనిమిది మీటర్ల వేగంతో హాయిగా జారుతుంది, కిందికి దిగేది సెకనుకు అర మీటరు చొప్పునే. మనిషి పరుగు కంటే కాస్త ఎక్కువ వేగం కాబట్టి ఏదైనా తప్పు జరిగినా సరిదిద్దుకునే వ్యవధి దొరుకుతుంది. బరువు కిలోన్నరకు పెంచితే అదే రెక్క గబగబా పరుగులు పెడుతుంది. గాలి బలంగా ఉన్న రోజు అదీ అవసరమే. పోటీదారులు సీసం, ఇత్తడి బద్దలను పొట్టలో పెట్టుకుని కావాలనే బరువు పెంచుకుంటారు.

రెక్క కోత ఆకృతి మరో శాస్త్రం. ఇంత చిన్న రెక్కకు గాలి నిజం విమానానికి అనిపించినట్టు అనిపించదు. రెక్క పరిమాణాన్నీ, వేగాన్నీ, గాలి జిగటనూ కలిపి చెప్పే రెనాల్డ్స్ సంఖ్య ప్రయాణికుల విమానానికి కోట్లలో ఉంటే, మన గ్లైడర్‌కు లక్ష దగ్గర ఉంటుంది. ఈ స్థాయిలో గాలి పొర రెక్కను తేలిగ్గా వదిలేసి సుడులు తిరుగుతుంది. పెద్ద విమానాల ఆకృతిని కుదించి పెడితే పనిచేయకపోవడానికి కారణమదే. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు మైఖేల్ సెలిగ్, ఎంఐటీలో మార్క్ డ్రెలా ఈ తక్కువ సంఖ్యల లోకాన్ని శ్రద్ధగా శోధించారు. సెలిగ్, డోనొవాన్‌ల ఎస్‌డీ7037 ఆకృతి దశాబ్దాలుగా గ్లైడర్లలో వాడుకలో ఉంది. డ్రెలా 1986లో రాసిన ఎక్స్‌ఫాయిల్ ప్రోగ్రాం రెక్క ఆకృతుల విశ్లేషణకు ఇప్పటికీ ఆధారం. మనిషి తొక్కుడు బలంతో 1988లో ఏజియన్ సముద్రం మీద ఎగిరిన ‘డేడలస్’ రూపకల్పనలో పాల్గొన్న ఆయనే, ఔత్సాహికులు ఇంట్లో కట్టుకునేలా ‘బబుల్ డాన్సర్’, ‘అల్లెగ్రో లైట్’ గ్లైడర్ల ప్లాన్లు కూడా గీశాడు.

మోటారు విషయంలో ఒక చిన్న లెక్క వేస్తే ఈ నమూనా గొప్పతనం తేలిగ్గా బోధపడుతుంది. మూడు సెల్‌ల 1300 మిల్లీ ఆంపియర్-గంటల లిపో నామమాత్రపు వోల్టేజి 11.1. అందులోని శక్తి సుమారు 52 వేల జౌళ్లు. ఎనభై శాతమే వాడుకుంటే నలభై ఒక్క వేలకు పైగా. మోటారు 150 వాట్లు తీసుకుంటూ సెకనుకు ఐదు మీటర్ల చొప్పున ఎక్కిస్తే వంద మీటర్లకు ఇరవై సెకన్లు, ఖర్చు మూడు వేల జౌళ్లు. అంటే పదమూడుసార్లు పైకెక్కవచ్చు. ఒక్కోసారి దిగడానికి రెండు వందల సెకన్లు పడుతుంది. లేచే గాలి ఒక్క చోటా తగలకపోయినా ముప్పావుగంటకు పైగా ఎగరవచ్చు, అందులో మోటారు తిరిగేది నాలుగు నిమిషాల పైచిలుకే. ఇదే బ్యాటరీతో ఆ పరిమాణపు మామూలు నమూనా విమానం పది నిమిషాలు ఎగిరితే గొప్ప.

అందుకే మోటారు పెద్దది కానక్కర్లేదు. కిలో బరువుకు 150 వాట్లు సరిపోతాయి. వోల్టుకు నిమిషానికి 900 నుంచి 1000 చుట్లు తిరిగే బ్రష్‌లెస్ మోటారు, తొమ్మిది పది అంగుళాల మడత ప్రొపెల్లర్, పాతిక ముప్పై ఆంపియర్లు తట్టుకునే స్పీడ్ కంట్రోలర్ చాలు. కంట్రోలర్‌లో బ్రేక్ అనే అమరికను ఆన్ చేయడం మరవకూడదు. లేకపోతే మోటారు ఆపినా ప్రొపెల్లర్ ఎదురుగాలికి తిరుగుతూనే ఉండి, ఆకులు ముడుచుకోక, వేగాన్ని తినేస్తుంది. మోటారును రెండు మూడు డిగ్రీలు కిందికీ, కుడివైపుకూ వంచి బిగిస్తారు. లేకపోతే పవర్ వేయగానే ముక్కు పైకి లేచి, నమూనా ఎడమకు లాగుతుంది.

కట్టడం

కట్టుకునే దారులు మూడు. మొదటిది బాల్సా. ఎక్కువగా ఈక్వెడార్ నుంచి వచ్చే ఈ కలప ఘనమీటరుకు నూటయాభై కిలోల చుట్టూ మాత్రమే తూగుతుంది. పలుచటి పలకల నుంచి రిబ్బులు కోసి, రెక్కకు వెన్నెముకలాంటి స్ప్రూస్ లేదా కార్బన్ స్పార్‌కు గుచ్చి, ముందంచును పలుచని బాల్సా పొరతో మూసి, పైన ఇస్త్రీపెట్టెతో అతికే ప్లాస్టిక్ ఫిల్మ్ లాగుతారు. ఓపిక కావాలి. ప్లాన్ పరిచిన బల్ల సమతలంగా లేకపోతే రెక్క మెలి తిరుగుతుంది, ఆ మెలి గాలిలో రేడియోతో పోయేది కాదు. ఫిల్మ్ వేశాక రెండు రెక్కలనూ వెనక నుంచి చూసి, తేడా ఉంటే వేడిచేసి సరిచేయడం కట్టేవాళ్లు ఎప్పుడూ వదలని అలవాటు.

రెండోది అచ్చు పోసిన ఫోమ్. మల్టిప్లెక్స్ ‘ఈజీ గ్లైడర్’, పార్క్‌జోన్ ‘రేడియన్’ వంటివి సాయంత్రం పెట్టె విప్పితే మర్నాడు ఎగిరేంత సిద్ధంగా వస్తాయి. పడినా అతికించుకోవచ్చు. నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి బడి లేదు.

మూడోది మన దగ్గర విద్యార్థులు ఎక్కువగా పట్టుకునేది: స్టేషనరీ దుకాణంలో దొరికే సన్‌బోర్డు, ఫోమ్‌బోర్డు, వేడిచేసిన నైక్రోమ్ తీగతో కోసిన థర్మాకోల్. రెక్కకు ప్యాకింగ్ టేపు చుడితే గట్టిదనం వస్తుంది. ఇక్కడ జాగ్రత్త జిగురు దగ్గరే. ఫెవిక్విక్‌లాంటి జిగుర్లు థర్మాకోల్‌ను కరిగించేస్తాయి, దానికి తెల్ల ఫెవికాలో, ఎపాక్సీయో వాడాలి.

అదుపు వ్యవస్థ తేలిక. తొలి గ్లైడర్‌కు మోటారు, పక్కలకు తిప్పే రడ్డర్, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ అనే మూడు ఛానళ్లు చాలు. రెక్క కొనలను పైకి వంచితే రడ్డర్ తిప్పినప్పుడు నమూనా తనంతట తానే వాలుతుంది, వదిలేస్తే నిలదొక్కుకుంటుంది. రెక్క వెనకంచున కదిలే ఐలరాన్లు, ఫ్లాపులు తర్వాతి మెట్టు. వాటితో ఐలరాన్లను పైకీ ఫ్లాపులను కిందికీ తిప్పి గాలిలోనే బ్రేకు వేసి చిన్న జాగాలో దించవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం గురుత్వ కేంద్రం. అది రెక్క సగటు వెడల్పులో ముందంచు నుంచి మూడో వంతు దగ్గర ఉండాలి. ముందుకు జరిగితే నమూనా మందకొడిగా, సురక్షితంగా ఉంటుంది. వెనక్కి జరిగితే చురుకు పెరుగుతుంది, మరీ వెనకయితే ఎవరి చేతిలోనూ నిలవదు. బ్యాటరీని ముందుకూ వెనక్కూ జరపడమే దీనికి సులువైన మార్గం కాబట్టి పొట్టలో కొంత ఖాళీ ఉంచి కట్టడం తెలివైన పని.

ఎగరేయడం

మొదటి పరీక్షకు మోటారు అక్కర్లేదు. గడ్డి నేల, తెల్లవారు గాలి, ఎదురుగాలిలోకి నేలకు సమాంతరంగా ఒక విసురు. నేరుగా ఇరవై ముప్పై మీటర్లు జారి దిగితే సరి. ముక్కు లేచి ఆగి పడిపోతే తోక బరువు, నేరుగా నేలలోకి దూరితే ముక్కు బరువు. ఎగరేసే ముందు రేడియో దూర పరీక్ష, సిగ్నల్ పోతే మోటారు దానంతట అది ఆగేలా ఫెయిల్‌సేఫ్, రడ్డర్ సరైన దిక్కుకే తిరుగుతోందన్న నిర్ధారణ తప్పనిసరి. బ్యాటరీ తగిలించాక ప్రొపెల్లర్ తిరిగే చోట చెయ్యి పెట్టకూడదు.

నేర్చుకునేవాళ్లను ఎక్కువగా తికమకపెట్టేది నమూనా ఎదురుగా వస్తున్నప్పుడు ఎడమ కుడులు తారుమారు కావడం. వాలిన రెక్క ఎటుంటే స్టిక్‌ను అటే నెట్టాలన్న చిట్కా అనుభవజ్ఞులు చెబుతారు. అది పనిచేస్తుంది.

కాస్త చెయ్యి కుదిరాక వేట మొదలవుతుంది. ఎండకు వేడెక్కిన నేల పైన గాలి ఉబ్బి స్తంభంలా పైకి లేస్తుంది. దాన్నే థర్మల్ అంటారు. పచ్చని పొలం పక్కనున్న దున్నిన నల్లరేగడి, తారు రోడ్డు, ఎర్రమట్టి బీడు, రేకుల షెడ్డు ఇవన్నీ దాని పుట్టుక స్థానాలు. దక్కన్ పీఠభూమిలో వేసవి మధ్యాహ్నం చెత్తనూ దుమ్మునూ లేపే సుడిగాలి కంటికి కనిపించే థర్మల్ మొదలే. రెక్క ఆడించకుండా గిరికీలు కొడుతూ ఎత్తు పెరుగుతున్న గద్దలు నమ్మకమైన గుర్తు. నేల మీది గాలి హఠాత్తుగా దిశ మార్చుకుంటే థర్మల్ గాలిని తనవైపు లాక్కుంటోందని అర్థం. అలాంటి చోటికి గ్లైడర్ చేరినప్పుడు తోక కొంచెం లేస్తుంది, లేదా ఒక రెక్క పైకి తన్నుకుంటుంది. లేచిన రెక్క వైపుకే తిరగాలి. సహజంగా వాలేది మాత్రం రెండో వైపుకు, అంటే గాలి దిగే చోటికి. ఈ ఒక్క ఎరుక అలవడినవాడు అదే నమూనాతో చాలా ఎక్కువసేపు ఎగరగలడు. గిరికీ కొడుతూ థర్మల్‌తో పాటు గాలివాలుకు కొట్టుకుపోవడం, తిరిగి రావడానికి సరిపడా ఎత్తు మిగలగానే వదిలేయడం మైదానంలోనే వంటబడతాయి.

అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య ఎఫ్‌ఏఐ గుర్తించిన ఎఫ్5జె పోటీ ఈ నైపుణ్యాన్నే కొలుస్తుంది. గాలిలో గడిపిన సెకనుకో పాయింటు, లక్ష్యం పది నిమిషాలు. మోటారు ఒక్కసారే, గరిష్ఠంగా 30 సెకన్లు. నమూనాలోని ఎత్తు కొలిచే పరికరం మోటారు ఆగాక మరో పది సెకన్ల వరకు చేరిన గరిష్ఠ ఎత్తును నమోదు చేస్తుంది. రెండు వందల మీటర్ల దాకా మీటరుకు అర పాయింటు కోత, ఆపైన మీటరుకు మూడు. గుర్తించిన బిందువుకు మీటరు లోపు దిగితే 50 పాయింట్లు. వంద మీటర్లకు ఎక్కినవాడు మొదలుపెట్టకముందే యాభై పాయింట్లు పోగొట్టుకున్నట్టు. యాభై మీటర్లకే మోటారు ఆపి థర్మల్ మీద నమ్మకంతో తిరగడం తెగువ, అది దొరక్కపోతే రెండు నిమిషాల లోపే నేల మీద. కిలో, కిలోన్నర బరువుతో నాలుగు మీటర్ల దాకా రెక్కలున్న కార్బన్ గ్లైడర్లు ఈ నియమం కోసమే పుట్టాయి. నమూనా క్రీడల్లో ఇంత ఆలోచనతో రాసిన నియమం అరుదు.

ఇలాంటి గ్లైడర్లు పరిశోధనకూ పనికొచ్చాయి. 2005లో నాసా డ్రైడెన్ కేంద్రంలో మైఖేల్ అలెన్ 4.27 మీటర్ల రెక్కల మోటారు గ్లైడర్‌కు ఆటోపైలట్ పెట్టి థర్మల్స్ వెతికించాడు. అది 23 థర్మల్స్ పట్టుకుని సగటున 173 మీటర్లు ఎక్కింది, ఒకదానిలో 844 మీటర్లు లేచింది. 2018లో ‘నేచర్’ పత్రికలో గౌతమ్ రెడ్డి, టెరెన్స్ సెజ్నోవ్‌స్కీ, మాసిమో వెర్గసోలా బృందం కాలిఫోర్నియాలో చేసిన ప్రయోగాన్ని ప్రకటించింది. అంగట్లో దొరికే రెండు మీటర్ల గ్లైడర్ ఎగిరి ఎగిరి తానే నేర్చుకుని థర్మల్‌లో నిలిచింది. రెండు రెక్కల దగ్గర లేచే గాలిలో ఉన్న తేడా, ఆ గాలి వేగం పెరుగుతోందా తగ్గుతోందా అన్న ఎరుక, ఈ రెండే దానికి ముఖ్యమైన సంకేతాలని తేలింది. లేచిన రెక్క వైపు తిరగాలన్న మైదానపు పాఠానికి ఇది దగ్గరగానే ఉంది. ఇక అమరిక సంగతికొస్తే, స్లొవేనియాలో రూపొందిన ఎఫ్‌ఈఎస్ వ్యవస్థ మనుషులెక్కే గ్లైడర్ల ముక్కులో విద్యుత్ మోటారు, మడత ప్రొపెల్లర్ పెడుతోంది. నమూనాల్లో ఎన్నాళ్లుగానో ఉన్న అమరికే అది.

మన దేశంలో చాలామందికి ఈ విద్య తొలి పరిచయం ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో జరుగుతుంది. అఖిల భారత వాయు సైనిక్ క్యాంపులో నమూనాలు ఎగరేయడం పోటీ అంశం. ఇంజనీరింగ్ విద్యార్థులకు ఐఐటీలతో కలిసి బోయింగ్ నడిపే జాతీయ ఏరోమోడలింగ్ పోటీ ఉంది. చట్టం వైపు చూస్తే, 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు ఈ గ్లైడర్లకూ వర్తిస్తాయి. చదువు, పరిశోధన, వినోదాల కోసం కంటిచూపు మేరలో ఎగరేసే 25 కిలోల లోపు నమూనాలకు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రెండు కిలోల లోపు బరువున్న వాటిని వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే రిమోట్ పైలట్ లైసెన్సూ అక్కర్లేదు. మన 900 గ్రాముల నమూనా ఈ పరిధిలోకే వస్తుంది. కాని ఎక్కడ ఎగరేస్తున్నామన్నది ముఖ్యం. ప్రభుత్వ గగనతల పటంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలు గుర్తించి ఉంటాయి. ఆకుపచ్చలో 400 అడుగుల వరకే అనుమతి లేకుండా ఎగరవచ్చు, అది దాటితే ఆ చోటే పసుపు కిందికి వస్తుంది. 400 అడుగులంటే సుమారు 120 మీటర్లు. మంచి థర్మల్ దొరికిన గ్లైడర్ దాన్ని ఒకటి రెండు నిమిషాల్లోనే దాటేయగలదు. అందువల్ల ఎత్తును ట్రాన్స్‌మిటర్‌కు పంపి బీప్‌తో హెచ్చరించే చిన్న ఆల్టిమీటరును ఇక్కడి గ్లైడర్‌లో మొదటి నుంచీ అమర్చుకోవాలి, బ్రేకుగా పనిచేసే ఫ్లాపులో స్పాయిలర్లో కూడా ఉంటే కిందికి దించుకోవడం తేలిక.